పద్దెనిమిది బారలు

మా మావయ్య మత్తయి చెట్టు మొదట్లో నిలబడి తలెత్తి ఒక్కసారి చూసేవాడు. "పంగ ఎనిమిది బారలుంది, తాడు పద్దెనిమిది కొయ్యండి" అనేవాడు. ఇంక దానికి తిరుగులేదు. రేపల్లె నుంచి అటు తెనాలి దాకా, ఇటు బాపట్ల దాకా, ఇంటి మీదకి ఒరిగిన చెట్టు కొట్టించాలంటే ముందు ఆయనకే కబురు వచ్చేది. గొడ్డలి పట్టేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. తాడు చెప్పగలిగినవాడు మాత్రం ఆయనొక్కడే.

బార అంటే రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఉండే కొలత. ఎనిమిది బారల ఎత్తుకి పద్దెనిమిది ఎందుకో పెళ్ళయి వచ్చిన ఏడాదే నాకు అర్థమైంది. తాడు నేల మీంచి పంగ మీదుగా, అంటే కొమ్మలు చీలే చోటు మీదుగా, పోయి మళ్ళీ నేలకి రావాలి. ఒక కొస చెట్టు మీద ఉన్న మనిషి నడుముకి, రెండో కొస కింద ఉన్న మనిషి చేతిలో. పోవడానికి ఎనిమిది, రావడానికి ఎనిమిది, నడుం ముడికీ కింద మొదలుకి చుట్టి పట్టుకోవడానికీ రెండు. నేను మిషను కుట్టేదాన్ని కాబట్టి ఇలాంటి లెక్కలు నాకు తొందరగా వంటబడతాయి. "ఉజ్జాయింపుగా కుట్టెయ్ రిబ్కా" అని ఎవరైనా అంటే గుడ్డ తిరిగిచ్చేసే రకం నేను.

"ఓ నాలుగు బారలు ఎక్కువే తెచ్చుకుంటే పోలా మావయ్యా?" అని కొత్తలో ఒకసారి అడిగాను.

"జాకెట్టు ఓ జానెడు ఎక్కువే కుట్టమంటే కుడతావా అమ్మాయ్?" అన్నాడు. "పొట్టి తాడు మనిషిని దించదు. పొడుగు తాడు మనిషిని లాగేసిద్ది."

ఆ రెండో మాట ఆయన ఒంటి మీదే రుజువైంది. 2005లో కొల్లిపర దగ్గర ఒక చింతచెట్టు ఎక్కాడు. ఆ రోజు తాడు మాది కాదు, ఎవరో తెచ్చిచ్చింది, కావలసినదానికంటే చాలా పొడుగు. మిగిలిన తాడు చెట్టు కింద గుట్టగా పడి ఉంటే నరికిన కొమ్మ వచ్చి సరిగ్గా దాని మీదే పడింది. పడి దొర్లుతూ తాడునీ, తాడుతో పాటు మావయ్యనీ లాక్కుపోయింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ మోచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. భుజం బిగుసుకుపోయింది. చెట్టెక్కడం ఆ రోజుతో సరి. అప్పటినుంచి పైకెక్కేది ఆయన కొడుకు, మా ఆయన యోబు. కింద తాడు పట్టేది మావయ్య, ఆయనకి తోడు మా పాలెంలోనే ఉండే సీమోను. తాడు కొలిచేది మాత్రం ఎప్పటిలాగే మావయ్య. ఆ పని ఇంకొకరికి ఇవ్వాలన్న ఊహే మాకెవరికీ రాలేదు. ఆ ఏడాదంతా పాత తాళ్ళతోనే నడిచింది, కొత్తగా కొలవాల్సిన అవసరం పడలేదు.

2006 అక్టోబరు ఆఖరున ఓగ్ని తుఫాను వచ్చింది. పొట్టమీద ఉన్న వరి నీళ్ళలో పడుకుంది. రైతులు నెత్తిన చెయ్యి పెట్టుకుని గట్ల మీద కూర్చుంటే మా ఇంటికి మాత్రం ఊపిరి సలపనంత పని వచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. వంటింటి మీద ఒరిగిన మామిడి, కరెంటు తీగల మీద వాలిన సుబాబులు, బడి గోడ మీద పడ్డ వేప. క్రిస్మస్ లోపల తెమలనన్ని చెట్లు. పాత తాడు పోగులు లేస్తోందని మావయ్య తెనాలి వెళ్ళి జనపతాడు పెద్ద చుట్ట కొని, రేపల్లె పాసింజరులో వేసుకుని తెచ్చాడు.

మర్నాడు వాకిట్లో బాపట్ల చెట్టుకి కావలసిన తాడు కొలిచాడు. కొలిచేటప్పుడు పక్కన ఒకరు పైకి లెక్కపెట్టాలి. ధాన్యం కొలిచినట్టే ఒకటి అనరు, "లాభం, రెండు, మూడు" అంటారు. ప్రతి బార దగ్గరా నా కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డపీలిక ఒకటి ముడేస్తారు. పైనున్న మనిషి ఎంత దిగాడో ఆ పీలికల్ని చూసే కింది మనిషికి తెలుస్తుంది. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. కొలిచి నేల మీద పరిచిన తాడుని ఎవరూ దాటకూడదు, ఆడవాళ్ళు అసలే దాటకూడదు. దాటితే కొలత పోయినట్టే, ఆ తాడు పక్కన పడేసి మళ్ళీ మొదట్నించీ కొలవాలి. ఇదంతా మూఢనమ్మకమని మా పాస్టరుగారు ఆదివారం గట్టిగా చెప్పేవారు. సోమవారం ఆయన కాంపౌండులో కొబ్బరిచెట్టు కొడుతుంటే మాత్రం తాడు చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

బాపట్లలో భ్రమరాంబగారని ఒక రిటైరైన టీచరమ్మ. ఆవిడ వంటింటి మీద ఒరిగిన మామిడి మరీ పెద్దదేం కాదు. పంగ నాలుగు బారలు, తాడు పది. ఆ సాయంత్రం యోబు కుంటుతూ ఇంటికొచ్చాడు. మొహంలో మాత్రం నవ్వు.

"నేల ఇంకా రాలేదు, తాడు అయిపోయింది" అన్నాడు. "ఛాతీ ఎత్తున ఉండగా కొస నాన్న చేతిలోంచి జారిపోయింది. బురదలో పడ్డా కాబట్టి సరిపోయింది. చీలమండ బెణికింది, అంతే."

"వానకి తాడు ముడుచుకుంది" అన్నాడు మావయ్య, కాళ్ళు కడుక్కుంటూ. "కొత్త తాడు నీళ్ళు తాగితే అంతే."

నేనూ నమ్మాను. నూలుగుడ్డ తడిపి ఆరబెట్టకుండా నేను కత్తెర పెట్టను, ముడుచుకోవడమంటే ఏంటో నాకు తెలుసు. అందుకే ఉప్పు కాపడం పెడుతూ యోబునే తిట్టాను, చూసుకుని దిగలేవా అని.

రెండు రోజుల తర్వాత ఎండ కాసింది. పాత తాడూ కొత్త తాడూ రెండూ పక్కపక్కనే దండెం మీద వేశాను, కొసలు రెండూ ఒకే గుంజకి కట్టి. పాతదానికి నీలం పీలికలు, కొత్తదానికి పసుపు పీలికలు. మొదటి పీలిక దగ్గరే పసుపుది కాస్త వెనకబడి ఉంది. రెండో దగ్గర ఇంకొంచెం. ఐదో నీలం పీలిక దగ్గరికి వచ్చేసరికి పసుపుది రెండున్నర అడుగులు ఇవతల ఉండిపోయింది. లోపలికెళ్ళి టేపు తెచ్చాను. నీలం పీలికకీ నీలం పీలికకీ మధ్య డెబ్భై రెండు అంగుళాలు. పసుపుకీ పసుపుకీ అరవై ఆరు. తడి వల్లేమో అని మూడు రోజులు ఎండనిచ్చి మళ్ళీ కొలిచాను. అరవై ఆరు మీద అంగుళం కూడా పెరగలేదు.

కళ్ళముందు ఉన్నదే. ఆ వంకర చెయ్యి ఏడాదిగా రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ చేత్తో ఆయన కంచం పట్టుకోలేకపోతే నేనే పీట జరిపి ఇచ్చాను. చొక్కా ఎడమ చెయ్యి వదులుగా కుట్టాను. అయినా బార అంటే చెయ్యేనని మాకు తట్టలేదు. బార అంటే మాకు మావయ్యే. చెట్టు ఎత్తు చూసే కంట్లో పాత బార ఉంది, తాడు కొలిచే చేతుల్లో కొత్త బార ఉంది. బారకి అర అడుగు తేడా.

మర్నాటి పని రేపల్లెలోనే, బసవేశ్వరరావుగారి రైసుమిల్లులో. గోడ పక్కన నిద్రగన్నేరు తుఫానుకి వేళ్ళు కదిలి మిల్లు రేకుల వైపు వాలింది. పంగ ఎనిమిది బారలని మావయ్య అప్పుడే చూసొచ్చాడు. పద్దెనిమిది బారల తాడుకి అర అడుగు చొప్పున తొమ్మిది అడుగులు తక్కువ. బాపట్లలో బురద మీద పడ్డాడు. ఇక్కడ పడితే కింద సీసా పెంకులు గుచ్చిన ప్రహరీగోడ, దాని పక్కన ఈటెల్లా నిక్కిన కొమ్మల మోళ్ళు.

యోబుని దొడ్లోకి పిలిచి రెండు తాళ్ళూ చూపించాను. పీలికల మధ్య జానలు పెట్టి చూశాడు, మొహం వాడిపోయింది.

"నాన్నకి చెప్పు" అన్నాను.

"ఏమని చెప్పను? నీ చెయ్యి వంకర, నీ కొలత తప్పు అనా?"

"మరి చెట్టెక్కుతావా?"

"నేను చూసుకుంటాలేవే. దిగేటప్పుడు కొమ్మ పట్టుకుంటా." గొంతు తగ్గించి, "ఆయనకి మిగిలింది అదొక్కటే రిబ్కా" అన్నాడు.

"ఆయనకి మిగిలింది అదొక్కటే అయితే నాకు మిగిలింది నువ్వొక్కడివే" అన్నాను. ఏడుపొచ్చేసింది. వచ్చిన ఏడుపు వచ్చినట్టే ఏడ్చాను. యోబు నా వీపు నిమిరాడే గానీ సరేననలేదు. తండ్రి మాటకి ఎదురు చెప్పని మంచి కొడుకని పాలెమంతా మెచ్చుకునే మనిషి మా ఆయన. ఆ మంచితనాన్ని ఆ పూట నేను నోరారా తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున వాళ్ళు ముందే వెళ్ళిపోయారు. నేను అన్నం క్యారేజీ సర్దుకుని ఎనిమిదిన్నరకల్లా మిల్లుకి చేరాను. అన్నం వేళ కాదు. గేటు దగ్గర గుమస్తా, "ఏంటమ్మా, అప్పుడేనా?" అన్నాడు. వినిపించుకోలేదు. లోపల చెట్టు కింద తాడు బారుగా పరిచి ఉంది. పద్దెనిమిది పసుపు పీలికలు. మిగిలిన చుట్ట పక్కన ఉంది. యోబు నడుముకి పంచె బిగిస్తున్నాడు, సీమోను రంపానికి నూనె రాస్తున్నాడు. మావయ్య తలపాగా చుట్టుకుని మోడు మీద కూర్చుని ఉన్నాడు, చాలా రోజుల తర్వాత ఆయన మొహం కళగా ఉంది. బసవేశ్వరరావుగారు, ఐదారుగురు హమాలీలు చుట్టూ నిలబడి చూస్తున్నారు.

దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చాను. అందరి ముందు ఆ మొహం చూసి, మీ చెయ్యి పొట్టిదైంది మావయ్యా అనడానికి నాకు నోరు రాలేదు. యోబు వంగి తాడు కొస అందుకోబోయాడు.

నేను క్యారేజీ పట్టుకుని నేరుగా నడిచి తాడు దాటాను.

"అయ్యయ్యో!" అన్నాడు సీమోను. "కళ్ళు కనపడట్లేదా వదినా? చెట్లు కొట్టే ఇంటి కోడలివి, నీకు తెలీదా?"

"చూసుకోలేదు" అన్నాను.

"దాటితే ఏమైందయ్యా, పని కానివ్వండి" అన్నారు బసవేశ్వరరావుగారు. "కరెంటోళ్ళు పది గంటలకి లైను ఇచ్చేస్తారు."

మావయ్య నా వైపు చూశాడు. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో తాళ్ళ చుట్టూ తిరిగి నడిచినదాన్ని, చూసుకోకుండా దాటే మనిషిని కాదని ఆయనకి తెలుసు. నేను కళ్ళు దించుకోలేదు. దించుకుంటే పొరపాటు అనుకుంటాడని భయం. ఆయన లేచి, తాడు కొస తీసి పక్కకి విసిరేశాడు.

"లేదండి, కొలత పోయింది. మళ్ళీ కొలవాలి" అన్నాడు. చుట్ట దగ్గరికి వెళ్ళి కొస లాగి యోబు చేతిలో పెట్టాడు. "నువ్వు కొలువు."

"నేనా?"

"నువ్వే. నీ చేతికైతే పద్దెనిమిది చాలదు, పందొమ్మిది పెట్టు."

యోబు చేతులు చాపాడు. సీమోను "లాభం" అన్నాడు. మావయ్య మళ్ళీ మోడు మీద కూర్చుని, లెక్క అయ్యేదాకా మిల్లు గోడ వైపే చూస్తూ ఉండిపోయాడు.

నేను ఇంటికి పోలేదు. ఊకగుట్ట పక్కన నిలబడి పని అయిపోయేదాకా చూశాను. కొమ్మలన్నీ దించాక యోబు కిందికి రావడం మొదలుపెట్టాడు. గోడ ఎత్తుకి వచ్చాడు. గోడ దాటి కిందికి వచ్చాడు. రెండు పాదాలూ నేలకి ఆనినప్పుడు మావయ్య గుప్పిట్లో తాడు ఇంకా మూరెడు ఉంది. ప్రభువుకి స్తోత్రమని పైకే అన్నాను. అన్నానో లేదో, ఇంకో సంగతి ముల్లులా గుచ్చుకుంది. పందొమ్మిది. అంత తడుముకోకుండా ఎలా చెప్పాడు?

సాయంత్రం మావయ్య పంపు దగ్గర ఒళ్ళు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు అందిస్తూ అడిగాను.

"యోబు చేతికి పందొమ్మిదని చటుక్కున చెప్పారే మావయ్యా."

"వాడి చెయ్యి నాకు తెలీదా? వాళ్ళమ్మ పోలిక, కురచ."

"మరి మీ చేతికి ఎంత పెట్టాలి?"

ఆయన మొహం తుడుచుకున్నాడు. తుడిచిన మొహమే మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఇరవై" అన్నాడు. "ఇరవైకి రవ్వంత తక్కువ."

"ఎప్పట్నించి తెలుసు?"

"తెనాల్లో తాడు తెచ్చిన రోజే. కొట్టువాడు వంద మీటర్లు కొలిచిచ్చాడు. యాభై నాలుగు బారలు రావాల. ఇంటికొచ్చి ఒక్కణ్ణే కొలుచుకుంటే యాభై తొమ్మిదొచ్చినయ్. వెర్రివాడు ఎక్కువిచ్చాడని మొదట సంతోషపడ్డా. తర్వాత నా చెయ్యి చూసుకున్నా."

"తెలిసి కూడా బాపట్లలో పదే కొలిచారా? ఓ బార కలిపితే ఏం పోయేది?"

"పది అని చెప్పి పదకొండు కొలిస్తే పక్కన లెక్కపెట్టేవాడు అడగడా అమ్మాయ్? పైన రెండు బారలు మిగులు ఉంటయ్ కదా, అందులో సరిపోద్దిలే అనుకున్నా. సరిపోలా." ఆయన తువ్వాలు నీళ్ళలో ముంచాడు. "చెట్టు ఎటూ పోయింది. తాడు కూడా పోతే నేనింక ఈ ఇంట్లో కూర్చుని తినేవాణ్ణేగా."

జాలి కలిగిందని చెప్తే అబద్ధం. ఒళ్ళంతా మండిపోయింది. ఆయన పరువు నిలబెట్టడానికి నేను పదిమందిలో తాడు దాటి తిట్లు తిన్నాను. ఆయన మాత్రం అదే పరువు కోసం కన్నకొడుకుని తెలిసి తెలిసి చెట్టెక్కించాడు. నోటికొచ్చిన మాటలు అన్నీ అనేసేదాన్నే. ఆయన ఎడమ చెయ్యి తువ్వాలు పిండడానికి రాక కుడి చేత్తో మోకాలి మీద పెట్టి నొక్కుకుంటూ ఉంటే చూసి ఆగాను. చెంబు కింద పెట్టేశాను.

"ఈ మాట యోబుకి నేను చెప్పను" అన్నాను. "మీరే చెప్పండి. ఇవాళే చెప్పండి."

అన్నాల దగ్గర చెప్పాడు. యోబు రెండో ముద్ద కలుపుతున్నాడు.

"ఒరేయ్, బాపట్లలో ముడుచుకుంది తాడు కాదురా" అన్నాడు మావయ్య. "నా చెయ్యి. తెలిసే కొలిచా."

యోబు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వంకర చెయ్యి సంగతి యోబుకి తెలుసు, నేనే చూపించాను. తెలిసే కొలిచాడన్నది మాత్రం తనకి కొత్త. మావయ్య కంచం వైపే చూస్తూ ఉన్నాడు, కొడుకు అరుస్తాడని ఎదురు చూస్తున్నట్టుంది. నేనూ ఎదురు చూశాను, అరిస్తే బాగుండుననే అనుకున్నాను. యోబు ఆ ముద్ద తిన్నాడు. మజ్జిగ పోసుకున్నాడు. లేచి బయటికెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. మళ్ళీ వచ్చి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

"మిల్లు వెనక రెండోది ఉందిగా, రేపు కొట్టాల" అన్నాడు. "పంగ ఎంత ఎత్తుంటది నాన్నా?"

మావయ్య తలెత్తాడు. "ఏడు బారలు."

"బారల్లో వద్దు. అడుగుల్లో చెప్పు. రిబ్కా కొలుస్తది."

ఆడమనిషి తాడు ముట్టుకోవడమేంటని ఇంకో రోజైతే మావయ్య కంచం తోసేసేవాడు. ఆ పూట వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు, పెదాలు కదుపుకుంటూ.

"నలభై రెండు అడుగులమ్మా" అన్నాడు నాతో. "రెండింతలు ఎనభై నాలుగు, పైన పన్నెండు. తొంభై ఆరు." మళ్ళీ, "ఒకటికి రెండుసార్లు కొలువు, నా మాట మీద ఉండబాకు" అన్నాడు.

ఆ క్రిస్మస్‌కి ఆయనకి చొక్కా కుట్టాను గానీ ఆయనతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. మాటలు కలిసేసరికి వేసవి వచ్చింది. ఆ తర్వాత ఆయన మూడేళ్ళు బతికాడు. ప్రతి చెట్టుకీ ఎత్తు ఆయనే చెప్పేవాడు, తాడు నేను కొలిచేదాన్ని. ఆయన చెప్పిన ఎత్తు ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. అయినా నేను ప్రతిసారీ రెండుసార్లు కొలిచాను.